ఒట్టు నోరు కట్టేసింది: ఒక కౌలు రైతు కేస్ స్టడీ

నేను ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఒక కౌలు రైతు కేసు. ఆయనా ఆయన భార్యా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఊరు, కుటుంబ వివరాలు, అప్పు అంకెలు మార్చాను. పంటను మాత్రం మార్చలేదు. 2021-22లో మిర్చి వేసి తామర పురుగు వల్ల నష్టపోయిన కుటుంబాలు గుంటూరు నుంచి ఖమ్మం దాకా ఎన్నో ఉన్నాయి. పంట పేరు చెప్పినంత మాత్రాన ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. రాయడానికి కారణం ఒక్కటే. ఆయన్ను కాపాడుకోవాలని అందరం కలిసి చేసిన ఒక పని ఆయన నోరు కట్టేసింది. అలాంటి పని మన ఇళ్లలో చాలా మామూలుగా జరుగుతుంది, అందులో మంచి తప్ప మరేమీ ఉండదనే అనుకుంటాం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదువుతున్న మీకే చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మిగతాది తర్వాత చదవవచ్చు. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ. డబ్బు ఖర్చు కాదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే “నాకు చచ్చిపోవాలనిపిస్తోంది” అన్న ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యాన్ని ఇంతగా ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నేపథ్యం

ఆయనకు నలభై దాటాయి. సొంత పొలం అరెకరం, కౌలుకు మూడెకరాలు. ఇంట్లో భార్య, తల్లి, ఇంటర్ చదివే కొడుకు, ఆరో తరగతి కూతురు. మిర్చి భూమికి కౌలు ముందే కట్టాలి. నారు, ఎరువులు, మందులు, కోత కూలి కలిపి ఎకరాకు లక్షన్నర పైమాటే. ఆ ఏడాది కొత్తగా వచ్చిన తామర పురుగు పూతలో చేరి రసం పీల్చేసింది. పువ్వు కాయగా మారకుండానే రాలిపోయింది. ఎకరాకు ఇరవై క్వింటాళ్లు వస్తాయనుకున్న చోట నాలుగు వచ్చాయి. సాగుదారు హక్కు పత్రం ఉంటే పరిహారం అడగవచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం ఆ పత్రానికి భూ యజమాని సమ్మతి కావాలి. యజమాని సంతకం పెట్టలేదు. కాగితాల ప్రకారం ఆయన అరెకరం రైతు మాత్రమే.

మిర్చితో చేసిన అప్పు మిర్చితోనే తీరుతుందని మరుసటి ఏడాదీ అదే వేశారు. సగం పెట్టుబడితో వేసిన చేను సగం దిగుబడి కూడా ఇవ్వలేదు. ఆ ఏడాది ధర మాత్రం బాగా పలికింది. ఊళ్లో ఎవరు యార్డు నుంచి తిరిగి వచ్చినా ధర గురించే చెప్పేవారు. పంట పోయినప్పటికంటే ఆ మాటలు వింటున్నప్పుడే ఎక్కువ బాధ కలిగిందని ఆయన తర్వాత నాతో అన్నారు.

ఏ బాధతో వచ్చారు

2023 ఫిబ్రవరిలో ఆయన వచ్చింది జనరల్ ఓపీకి. కడుపులో మంట, గుండె దడ, నెల రోజులుగా నిద్ర లేదు. గ్యాస్ మాత్రలు రాసి పంపించి ఉండేవారే. ఆయన మందుల వరుసలో నిలబడి ఉండగా భార్య వెనక్కి వచ్చి డ్యూటీ డాక్టరుకు రెండు విషయాలు చెప్పింది. మూడు రోజుల కిందట రాత్రి అన్నం తిన్నాక ఆయన బీరువా తెరిచి పాస్‌బుక్కు, పొలం కాగితాలు, పిల్లల ఆధార్ కార్డులు ఒక్కొక్కటే తీసి “ఇవి ఇక్కడ ఉంటాయి, గుర్తుపెట్టుకో” అన్నారట. మర్నాడు టీ కొట్టుకు వెళ్లి నూట నలభై రూపాయల బాకీ తీర్చి వచ్చారట. లక్షల్లో అప్పు ఉన్న మనిషి పనిగట్టుకుని వెళ్లి ఆ నూట నలభై తీర్చడం ఆమెకు తేడాగా తోచింది. ఏమిటని అడిగితే ఊరికే అన్నారట. అప్పటికే పది రోజులుగా ఆమెకు అనుమానం ఉంది. ఆసుపత్రిలో చెబితే పోలీసు కేసు అవుతుందని ఎవరో అనడంతో ఆగిపోయింది. ఆ భయానికి ఆధారం లేదు. ఆలోచన రావడం ఎప్పుడూ నేరం కాదు. ప్రయత్నం చేసిన వారిని సైతం తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ఆ భయం కారణంగా ఇంట్లోనే ఆగిపోతున్న వాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

డ్యూటీ డాక్టరు ఆయన్ను మా గదికి పంపారు. నా మొదటి తప్పు అక్కడే జరిగింది. “మనసులో చెడ్డ ఆలోచనలు ఏమైనా వస్తున్నాయా?” అని అడిగాను. లేదన్నారు. కళ్లలోకి చూసే చెప్పారు, తడబడలేదు. భార్య చెప్పింది తెలిసి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే ఆపేసేదాన్ని. ప్రశ్న మార్చాను. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అన్నాను. చాలాసేపు టేబుల్ అంచును గోటితో గీరుతూ కూర్చున్నారు. తర్వాత అవునన్నారు. మరి ఇందాక లేదన్నారేమని అడిగాను. “చెడ్డ ఆలోచనలు అన్నారు కదమ్మా. ఎవరినైనా మోసం చేయాలని అనుకుంటున్నానేమో అని అడిగారనుకున్నాను. ఇది నాకు చెడ్డగా అనిపించలేదు. నేను లేకపోతే ఇంటికి భారం తగ్గుతుంది” అన్నారు.

నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం మా రంగంలోని వారికీ ఉంటుంది. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. చాటు మాటతో అడిగితే మాత్రం ఇలాంటి మనిషి చేజారిపోతారు. తాను ఇంటికి భారమైపోయానన్న నమ్మకం ఈ ఆలోచనల్లో చాలా ప్రమాదకరమైనది. పైగా అది నిజం కాదు. అప్పు మనిషితో పాటు పోదు, అప్పులవాళ్ల ఒత్తిడి ఆ ఇంట్లో మిగిలిన వారి మీదే పడుతుంది. కానీ ఆ రోజు ఆ లెక్క ఆయనకు చెప్పలేదు. వాదించి గెలవడానికి అది సమయం కాదనిపించింది.

మొదట చేసినవి

మానసిక వైద్యులు చూసి తీవ్రమైన కుంగుబాటుగా నిర్ధారించి మందులు రాశారు. అవి పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని, అప్పటిదాకా జాగ్రత్త అవసరమని ఇద్దరికీ చెప్పాం. ఆయన అనుమతితోనే భార్యకు అంతా వివరించాను. ప్రయత్నమేదీ జరగలేదు, ఎప్పుడు ఎలా అన్న ఆలోచన ఇంకా స్థిరపడలేదు, ఇంట్లో మనుషులు ఉన్నారు, మర్నాడు ఫోనులో మాట్లాడతానని ఒప్పుకున్నారు. అందుకే చేర్చుకోకుండా ఇంటికి పంపాం. ఒక కాగితం మీద భద్రతా ప్రణాళిక రాసిచ్చాను. ఆలోచన ముదురుతోందని తెలిపే గుర్తులు, మనసు మళ్లించే పనులు, ఫోన్ చేయాల్సిన మనుషులు, మా నంబరు, 14416. మనుషుల జాబితాలో మొదటి పేరు ఆయన బావది. చదువుకున్నవాడు, పట్నంలో ఉద్యోగం, నెమ్మదస్తుడు. ఆ పేరు సూచించింది నేనే.

పొలం మందులను దూరం పెట్టమన్నాను. ఆమె ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది మర్నాడు ఫోనులో తెలిసింది. ఆయన తల్లి మనవరాలిని పిలిచి పక్కన నిలబెట్టి, కొడుకు చేతిని ఆ పిల్ల తల మీద పెట్టించి, ఇక ఎప్పుడూ అలాంటి ఆలోచన రానివ్వనని ఒట్టు వేయించింది. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. ఆయన వెంటనే వేశారు. ఇది చెబుతున్నప్పుడు భార్య గొంతులో ఎంతో ఊరట వినిపించింది. నేను కూడా “మంచిదమ్మా” అన్నాను. నా నోట్సులో రక్షణ కలిగించే అంశాల కింద “కూతురి మీద ఒట్టు వేశారు” అని రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైలులో ఉంది.

ఏది పనిచేయలేదు

పదో రోజున వచ్చారు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. ఎలా ఉందంటే బాగుందన్నారు. ఆలోచన మళ్లీ వచ్చిందా అంటే “ఒట్టు వేశాను కదమ్మా” అన్నారు. అది నా ప్రశ్నకు జవాబు కాదు. వచ్చిందా లేదా అన్నది అందులో లేదు. అయినా నేను దాన్ని లేదన్నట్టే తీసుకున్నాను. మెరుగుపడుతున్నారని రాశాను.

మూడు రోజుల తర్వాత అప్పు ఇచ్చినవారి మనిషి ఇంటి ముందు బైకు ఆపి, బడి నుంచి వస్తున్న కూతురు వినేలా ఒక మాట అన్నాడు. ఆ మాట రాయను. చీకటి పడ్డాక ఆయన చెప్పకుండా పొలానికి బయలుదేరారు. రెండు వారాలుగా కంటి మీద కునుకు లేకుండా కాపలా కాసిన భార్య ఆ సాయంత్రమే అలసిపోయి నిద్రపోయింది. పెట్టెకు తాళం కూడా లేదు. పురుగు ఉధృతంగా ఉందని పొద్దున మందు కొట్టడానికి ఆమే తీసి ఇవ్వాల్సి వచ్చింది. సాగు చేసే మనిషి నుంచి సాగు సామాను దాచమని చెప్పిన నా సలహా రెండు వారాలైనా నిలవలేదు.

జేబులో నేను రాసిచ్చిన కాగితం ఉంది. గట్టు మీద కూర్చుని ఫోను వెలుగులో దాన్ని చదివారు. బావ పేరు చూశారు. బావకు నలభై వేలు బాకీ ఉన్నారు, ఆ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఓపీ నంబరు సాయంత్రం నాలుగు దాటితే ఎవరూ ఎత్తరు. ఇక మిగిలింది 14416. నాలుగు అంకెలు నొక్కి, అయిదోది నొక్కకుండా ఆగిపోయారు. “ఫోన్ ఎత్తితే ఏమని చెప్పాలమ్మా? మళ్లీ అదే ఆలోచన అని నా నోటితో అంటే ఒట్టు తప్పినట్టే కదా. పాపకు ఏమైనా అయితే?” అని తర్వాత చెప్పారు.

ఆ ఒట్టు ఆలోచనను ఆపలేదు. మాటను ఆపింది. చెప్పుకోగలిగిన ఒకే ఒక దారికి అడ్డంగా కన్నకూతురిని నిలబెట్టాం.

ఆ రాత్రి ఆయన్ను కాపాడింది నా కాగితంలో లేని మనిషి. పక్క మొక్కజొన్న చేలో మోటారు వేయడానికి కాపలా ఉన్న ఒక వృద్ధుడు. ఒకప్పుడు వీళ్లింట్లో పాలేరుగా చేశాడు. చీకట్లో బీడీ నిప్పు కనిపిస్తే ఈయన అటు నడిచారు. నిద్ర పట్టడం లేదు బాబాయ్ అంటే, ఆయన ఎందుకని అడగలేదు. గోనెసంచి పరిచి కాస్త పక్కకు జరిగి “కరెంటు రెండింటికి వస్తుంది, మోటారు వేసేదాకా తోడుండు” అన్నాడు. అంతే. రెండింటికి మోటారు వేశారు. నీళ్లు బోదెల్లోకి పారుతుంటే ఈయన నోటి నుంచి మాట దానంతట అదే వచ్చింది, నాకు బతకాలని లేదు బాబాయ్ అన్నారు. “తెల్లారనీ, ఇద్దరం వెళ్దాం” అన్నాడు ఆయన. అన్నట్టే పొద్దున మొదటి బస్సుకు తీసుకొచ్చాడు. మా వరండాలో తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి నా కళ్ల ముందు ఇంకా కదులుతూనే ఉన్నాడు.

ఒట్టు తీసి గట్టున పెట్టడం

ఈసారి చేర్చుకున్నాం. ఆలోచన ముదిరింది, ఇంటికి వెళితే అప్పులవాళ్లు మళ్లీ వస్తారు, భార్యలో ఓపిక అయిపోయింది. ముందు ఆయనకు కొన్ని రాత్రుల నిద్ర కావాలి. పిచ్చాసుపత్రి అన్న ముద్ర పడుతుందని భయపడ్డారు. ఇది మామూలు ఆసుపత్రిలో ఒక వార్డేనని చూపించాం, తన ఇష్టంతో తానే సంతకం చేసి చేరవచ్చని చెప్పాం. చేశారు. అయిదు రాత్రులు ఉన్నారు.

రెండో రోజు కాగితానికీ ఫోనుకూ మధ్య ఏం జరిగిందో నిమిషం నిమిషం చెప్పించుకున్నాను. ఒట్టు సంగతి అప్పుడు బయటపడింది. ఏం చేయాలో చాలాసేపు ఆలోచించాను. ఒట్టు తప్పితే పిల్లకు ఏమీ కాదని చెప్పవచ్చు. కానీ పుట్టినప్పటి నుంచీ ఉన్న నమ్మకం నా ఒక్క మాటతో పోదు, నాకు ఆయన బాధ అర్థం కాలేదని మాత్రం తేలుతుంది. కూతురిని పిలిపించి ఆమె చేత పర్వాలేదనిపించవచ్చు. పదకొండేళ్ల పిల్ల మీద అంత బరువు మళ్లీ పెట్టలేను. వేయించుకున్నవాళ్లే విడిపించాలి అనిపించింది.

మూడో రోజు ఆ పెద్దావిడ వచ్చింది. ఒట్టు వల్ల ఏమైందో చెబితే ముందు నమ్మలేదు, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తప్పు మీది కాదమ్మా, నేనూ మంచిదే అనుకున్నానని చెప్పాను. ఆమె లేచి మంచం దగ్గరికి వెళ్లి కొడుకు కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “నాయనా, నేను వేయించుకున్న ఒట్టు నేనే తీసి గట్టున పెడుతున్నాను. పాపకు ఏమీ కాదు. నీకేమనిపిస్తే అది నాతో చెప్పు” అంది. చిన్నప్పుడు మనమందరం ఆటల్లో అనుకున్న మాటే అది. దాన్ని అంత బరువుతో ఎవరైనా అనగా నేను వినలేదు. ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఆ మధ్యాహ్నం మొదటిసారిగా పూర్తిగా మాట్లాడారు. ఆలోచన ఏ వేళల్లో వస్తుందో, ఎంతసేపు ఉంటుందో, ఏం చేస్తే సన్నగిల్లుతుందో అన్నీ చెప్పారు.

కొత్త ప్రణాళిక ఆయన మాటల్లోనే రాశాం. గుర్తులు: కాగితాలు సర్దాలనిపించడం, చెప్పకుండా చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లాలనిపించడం. మొదటి పని గేదె దగ్గరికి వెళ్లి గడ్డి వేయడం. మొదటి మనిషి ఆ పెద్దాయన, ఎందుకంటే అక్కడ ఏమీ చెప్పకుండా కూర్చోవచ్చు. తర్వాత భార్య, తల్లి. బావ పేరు తీసేశాం. ఎప్పుడూ ఆలోచన రానివ్వనన్న మాట తీసేసి, వస్తే చెబుతానన్న మాట పెట్టాం. వార్డులోనే స్పీకరు పెట్టి 14416కు ఫోన్ చేయించాను. “నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నాలుగు రోజుల కిందట బాగా అనిపించింది” అన్నారు. అవతల ఉన్నవారు తొందరపెట్టలేదు. పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ఒకసారి నోటికి అలవాటైన వాక్యం రెండోసారి అంత బరువుగా ఉండదు.

పొలం మందులు ఇక ఇంట్లోనూ చేలోనూ నిల్వ ఉండవు. కొట్టాల్సిన రోజు పెద్దాయన కొడుకు కొట్టు నుంచి తెచ్చి, తానే కొట్టి, మిగిలింది తీసుకెళ్తాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నే పోయింది. చనిపోవాలన్న ఆలోచన ఉధృతి ఎక్కువసేపు ఉండదు, ఆ కాస్త సమయం ప్రమాదకరమైనది అందకుండా ఉంటే చాలామంది దాటుకుని బయటపడతారు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను విడతలవారీగా నిషేధించాక ఆ దేశంలో మొత్తం ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. అప్పులు, దిగుళ్లు అక్కడా అలాగే ఉన్నాయి.

అప్పు సంగతి మా సోషల్ వర్కర్ చూశారు. పదిహేను లక్షలు అంటూ వచ్చిన మనిషి చేత ఒక్కో బాకీ ఒక్కో గీతలో రాయిస్తే తొమ్మిది లక్షల అరవై వేలు తేలింది. వచ్చే ఏడాది పడబోయే వడ్డీని కూడా ఆయన ఇప్పుడే మోస్తున్నారు. బంగారం మీద బ్యాంకు అప్పు, ఎరువుల కొట్టు ఖాతా, నూటికి మూడు రూపాయల ప్రైవేటు వడ్డీ. మొదటి రెండూ ఆగగలిగినవి. మూడో దాని కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లారు. వారి ఉచిత ఫోను నంబరు 15100. వారు పిలిచి మాట్లాడాక ఇంటి ముందుకు మనుషులు రావడం ఆగింది, వాయిదాలు కుదిరాయి. అప్పు తీరలేదు. కానీ అది ఒక కాగితంలో ఇమిడింది.

భార్యకూ విడిగా సమయం ఇచ్చాం. కాపలా కాయడం మానేయమని, రాత్రి ఒకసారి “ఈ రోజు ఎలా ఉంది” అని అడిగితే చాలని చెప్పడానికి మూడు భేటీలు పట్టాయి.

ఆ తర్వాత

ఆసుపత్రి నుంచి వెళ్లిన తొలి వారాలు అన్నిటికంటే గడ్డువి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా అయిదు చోట్ల చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఆత్మహత్యాయత్నం తర్వాత ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యం చేశారు. మిగతావారికి అదనంగా ఒక గంట మాట్లాడి, పద్దెనిమిది నెలల్లో తొమ్మిది సార్లు పలకరించారు. మామూలు వైద్యం పొందినవారిలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతే, పలకరింపు అందినవారిలో అది 0.2 శాతం. ఈయన ప్రయత్నం చేయలేదు గానీ నేను అదే పట్టిక పాటించాను. తొమ్మిది ఫోన్లు. కొన్ని మూడు నిమిషాలు కూడా లేవు. నాలుగోదాంట్లో గేదె ఈనిందని, దూడ నిలబడిందని చెప్పారు.

నా ఓపీలో మూడు మారాయి. చెడ్డ ఆలోచనలు అన్న మాట మానేశాను, చచ్చిపోవాలనిపిస్తోందా అనే అడుగుతాను. జాబితాలోని ప్రతి పేరు పక్కన “వీరికి మీరేమైనా బాకీ ఉన్నారా, వీరి ముందు ఏడవగలరా” అని అడుగుతాను. “ఇంట్లో ఎవరైనా ఒట్టు వేయించుకున్నారా” అని కూడా. ఉందంటే వేయించుకున్నవారిని పిలిపిస్తాను. చనిపోనని రాయించుకునే ఒప్పంద పత్రాలకు రక్షణ కలిగించే శక్తి ఉన్నట్టు ఆధారాలు లేవని చదివే ఉన్నాను. ఒట్టు కూడా అలాంటిదేనని ఈ కేసు దాకా తట్టలేదు. పిల్లల మీది ప్రేమ మనిషిని నిలబెట్టదని నేను అనడం లేదు. ఆయన్నూ అది ఎన్నో రాత్రులు నిలబెట్టింది. పాప గురించి ఆయన తనంతట తాను చెప్పుకున్నప్పుడు అది ఆయనకు బలమైంది. మేము ఆ ప్రేమ మీద ప్రమాణం చేయించినప్పుడు అది భయంగా మారింది.

ఎనిమిదో ఫోను నేను చేయాల్సిన వారానికి ముందే ఆయన నుంచి వచ్చింది, ఒక సోమవారం పొద్దున. “అమ్మా, రాత్రి మళ్లీ చచ్చిపోవాలనిపించింది. బాబాయ్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఇప్పుడు తగ్గింది, అయినా చెబుతానన్నాను కదా, అందుకే చేశాను” అన్నారు. అరగంట మాట్లాడాం. ఆ మధ్యాహ్నమే వచ్చి డాక్టరును కలిసి మందు మోతాదు సరిచేయించుకుని, నాలుగింటి బస్సుకు ఇంటికి వెళ్లారు.